వీసాకు దుఆ సరే, చదివేదెవరు?

గోదావరిఖనిలో జుమా నమాజు ముగిసి జనం బయటికి వస్తున్న వేళ, చేతిలో పాస్‌పోర్టు పట్టుకొని ఇమాం సాహెబ్ కోసం ఎదురుచూసే యువకుడు మనకు కొత్త కాదు. వారంలో విమానం ఉంది, దుఆ చేయండి అంటాడు. ఇమాం సాహెబ్ చేతులెత్తుతారు. చుట్టూ ఉన్నవాళ్లం ఆమీన్ అంటాం. అతని తండ్రి కళ్లు తుడుచుకుంటాడు. తర్వాత ఎవరి ఇళ్లకు వాళ్లం వెళ్లిపోతాం. ఆ పాస్‌పోర్టులో మడిచి పెట్టిన వీసా కాగితం మీద ఏం రాసి ఉందో అక్కడున్న వారిలో ఒక్కరూ చదవరు. విచిత్రమేమిటంటే ఆ కాగితం సగం అరబీలోనే ఉంటుంది. అరబీ చదివి అర్థం చేసుకోగలిగిన వారు ఆ మస్జిద్‌లో ఇద్దరు ముగ్గురైనా ఉంటారు. వారిలో నేనొకణ్ని.

కొన్ని నెలల క్రితం నా పాత విద్యార్థి ఒకడు తండ్రిని వెంటబెట్టుకొని మా ఇంటికి వచ్చాడు. తండ్రి సింగరేణిలో కోల్ ఫిల్లర్‌గా చేరి, ముప్ఫై ఏళ్లకు పైగా బాయి దిగి పనిచేసి రిటైరైన మనిషి. కొడుకు డిగ్రీ చదివాడు. కంప్యూటర్ నేర్చుకున్నాడు. ఒక షాపులో కూర్చొని జనానికి ఆన్‌లైన్ దరఖాస్తులు నింపిపెడుతున్నాడు. అతనికి ఒక ఏజెంటు 'దుబాయి రిమోట్ వర్క్ వీసా' ఇప్పిస్తానన్నాడట. ఎండలో నిలబడే పని కాదు, గదిలో కంప్యూటర్ ముందు కూర్చొని చేసే పని, నెలకు లక్ష రూపాయల జీతం, గది కంపెనీదే. అన్నిటికీ కలిపి రెండు లక్షలు. తండ్రి తన రిటైర్మెంటు డబ్బులోంచి లక్ష ఇచ్చేశాడు. మిగతా లక్ష మర్నాడు ఇవ్వాలి. ఇచ్చే ముందు నాతో దుఆ చేయించుకుందామని వచ్చారు.

నేను దుఆకు ముందు కాగితం అడిగాను. ఆ అలవాటు నాకు మొదటి నుంచీ లేదు. ఎలా వచ్చిందో తర్వాత చెబుతాను. కుర్రవాడు ఫోన్‌లో ఉన్న కాగితం చూపించాడు. ఒకవైపు ఇంగ్లీషు, మరోవైపు అరబీ. ఏ రకం అనుమతి అన్నచోట అరబీలో 'జియారా' అని ఉంది. గడువు 60 రోజులు.

మన ఇళ్లలో జియారత్ అంటే ఏమిటో చెప్పక్కర్లేదు. మనిషి పోయిన మూడోరోజు జరిపేది జియారత్. అరబీలో ఆ మాటకు అర్థం చూసి రావడం, సందర్శించడం. అంటే ఆ కాగితం దుబాయి చూసి రావడానికి ఇచ్చిన అనుమతి. పని అనే అర్థమిచ్చే 'అమల్' అన్న మాట దాని మీద ఎక్కడా లేదు.

ఈ సంగతి చెప్పగానే తండ్రి నా వంక అదోలా చూశాడు. "మౌల్వీ సాబ్, అరబీలో ఉంది కదా. అరబీలో కూడా అబద్ధం రాస్తారా?" అన్నాడు.

ఆయన అమాయకత్వాన్ని చూసి నవ్వుకోవద్దు. జీవితమంతా అరబీ అక్షరాన్ని ఖుర్ఆన్‌లో మాత్రమే చూసిన మనిషి ఆయన. నేల మీద అరబీ ముక్క కనిపిస్తే తీసి కళ్లకద్దుకొని గోడ సందులో పెట్టే మనిషి. ఆ నమ్మకమే ఏజెంటుకు పెట్టుబడి అయింది. నేను ఆయనతో, "భాయ్, కాగితం అబద్ధమాడలేదు. చూడడానికి రండి అని రాసింది. అంతకు మించి ఒక్క మాట కూడా అనలేదు. అబద్ధం ఏజెంటు నోట్లో ఉంది. మనం కాగితాన్ని చదవకుండా నోటిని నమ్మాం" అన్నాను.

ఇప్పుడు నా అలవాటు సంగతి. చాలా ఏళ్ల క్రితం ఇలాగే మరో విద్యార్థి వచ్చాడు. దుఆ అడిగాడు, చేశాను. కాగితం అతని జేబులోనే ఉంది. అడగాలని నాకు తోచలేదు. అల్లాహ్ మేలు చేస్తాడని వీపు తట్టి పంపించాను. అతనూ విజిట్ వీసా మీదే వెళ్లాడు. గడువు దాటింది. రోజుకింత చొప్పున జరిమానా పెరిగింది. దొరికిన చోట దొంగచాటుగా పనిచేశాడు. కూలి ఎగ్గొడితే అడిగే దిక్కు లేదు. ఇక్కడ తండ్రి చనిపోతే జనాజాకు రాలేకపోయాడు. చివరికి 2018లో ఎమిరేట్స్ ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించినప్పుడు ఉత్త చేతులతో ఇల్లు చేరాడు. ఆ రోజు ఆ కాగితంలో ఒక్క మాట నేను చదివి ఉంటే? ఈ ప్రశ్న నన్ను ఇప్పటికీ వదలలేదు. అందుకే ఈ వ్యాసం రాస్తున్నాను.

ముందుగా ఈ కొత్త వీసా సంగతి స్పష్టంగా తెలుసుకుందాం. రిమోట్ వర్క్ వీసా అనేది కట్టుకథ కాదు. నిజంగానే ఉంది. కరోనా రోజుల్లో ఇంటి నుంచి పనిచేయడం అలవాటయ్యాక చాలా దేశాలు ఇలాంటి వీసాలు మొదలుపెట్టాయి. ఎస్టోనియా 2020 ఆగస్టులో మొదలుపెట్టింది. ఎమిరేట్స్ ప్రభుత్వం 2021 మార్చిలో ప్రకటించింది. మలేషియా 2022లో, థాయిలాండ్ 2024లో తమ తమ పద్ధతుల్లో తెచ్చాయి. ఎమిరేట్స్ వీసా ఒక ఏడాదికి ఇస్తారు. అయితే ఎవరికి ఇస్తారు? ఆ దేశం వెలుపల ఉన్న ఏదో ఒక సంస్థలో ఇప్పటికే ఉద్యోగం ఉన్నవారికి. ఆ ఉద్యోగానికి రుజువు చూపించాలి. నెలకు 3,500 డాలర్ల ఆదాయం చూపించాలి. మన రూపాయల్లో అది సుమారు మూడు లక్షలు. ఆరోగ్య బీమా ఉండాలి. థాయిలాండ్ వీసాకైతే బ్యాంకులో 5 లక్షల బాత్‌లు నిల్వ చూపించాలి.

దీనిని బట్టి ఏమి అర్థమవుతోంది? ఈ వీసా ఉద్యోగం ఇవ్వదు. ఉద్యోగం ఉన్నవాడికి మా దేశంలో కూర్చొని నీ పని నీవు చేసుకో అని చోటు మాత్రమే ఇస్తుంది. పని ముందు, వీసా తర్వాత. కాబట్టి 'రిమోట్ వర్క్ వీసా తీసుకో, అక్కడికి వెళ్లాక ఉద్యోగం ఇప్పిస్తాను' అనే మాటలోనే అబద్ధం బయటపడుతోంది. నెలకు మూడు లక్షలు సంపాదించే మనిషి గోదావరిఖనిలో ఏజెంటు గుమ్మం దగ్గర చెప్పులు విడిచి నిలబడడు. పదిహేను వేలు సంపాదించే కుర్రవాడికి ఆ వీసా రాదు. వచ్చిందని ఎవరైనా చెబితే, వచ్చింది వేరే కాగితం.

ఆ వేరే కాగితం మనిషిని ఎంత దూరం తీసుకుపోతుందో ఇటీవలి సంఘటనలు చెబుతున్నాయి. 2025 మార్చిలో మన ప్రభుత్వం రెండు వైమానిక దళ విమానాలు పంపి, మయన్మార్ సరిహద్దుల్లోని సైబర్ మోసాల ముఠాల నుంచి బయటపడిన 549 మంది భారతీయులను థాయిలాండ్ మీదుగా వెనక్కి తెచ్చింది. వారిలో మన తెలుగు పిల్లలూ ఉన్నారు. ఇలాంటి ముఠాలు ఎర వేసేది కంప్యూటర్ ఉద్యోగం, డేటా ఎంట్రీ అనే పేర్లతోనే. తీరా వెళ్లాక పాస్‌పోర్టు లాక్కొని, ఇక్కడి ముసలివాళ్లకు, అమాయకులకు ఫోన్లు చేసి మోసగించే పనిలో కూర్చోబెడతారు. హలాల్ సంపాదన కోసం ఇల్లు విడిచిన బిడ్డను తోటివారి సొమ్ము దోచే పనిలోకి నెట్టడం కన్నా పెద్ద దుర్మార్గం ఏముంటుంది?

మన పిల్లలు ఎందుకు పోతున్నారో నాకు తెలియక కాదు. 1990ల మొదట్లో సింగరేణిలో లక్షకు పైగా కార్మికులు ఉండేవారు. ఇవాళ ఆ సంఖ్య నలభై వేల చుట్టూ ఉంది. తండ్రి ఉద్యోగం కొడుకుకు అనే వారసత్వ పథకాన్ని 2017లో హైకోర్టు కొట్టివేసింది. తర్వాత కారుణ్య నియామకాలు వచ్చినా అవి అందరికీ అందేవి కావు. ఎరువుల కర్మాగారం 1999లో మూతపడి, కొత్త పేరుతో మళ్లీ ఉత్పత్తి మొదలుపెట్టేసరికి 2021 వచ్చింది. ఈ మధ్యలో ఒక తరం ఎదిగి, పెళ్లీడు దాటింది. కాబట్టి పరదేశం పోవద్దు అని చెప్పే హక్కు నాకు లేదు. ఇస్లాం కూడా అలా చెప్పదు. మదీనాకు వలస వెళ్లిన హజ్రత్ అబ్దుర్రహ్మాన్ బిన్ ఔఫ్ (రజి)కు ఒక అన్సారీ సోదరుడు తన ఆస్తిలో సగం ఇవ్వబోతే, ఆయన దానిని వద్దని బజారుకు దారి చూపమన్నారు. బతుకుతెరువు కోసం కొత్త ఊరిలో కాలు పెట్టడం మన చరిత్రలో గౌరవంగా చెప్పుకొనే విషయమే.

పరదేశంలో కూలికి కుదిరిన దైవప్రవక్త గాథ కూడా దివ్యఖుర్ఆన్‌లో ఉంది. ఖసస్ సూరాలో హజ్రత్ మూసా (అ) ఈజిప్టు విడిచి మద్‌యన్ చేరిన వృత్తాంతం చదవండి. చేతిలో ఏమీ లేదు. తెలిసినవారు లేరు. అలాంటి నిస్సహాయుణ్ని ఒక వృద్ధుడు పనికి పెట్టుకున్నారు. ఎలా పెట్టుకున్నారు? గడువు ఎనిమిదేళ్లు అని ముందే చెప్పారు. పదేళ్లు చేస్తే అది నీ మంచితనం అన్నారు. ప్రతిఫలమేమిటో చెప్పారు. నిన్ను కష్టపెట్టే ఉద్దేశం నాకు లేదని హామీ ఇచ్చారు. మూసా (అ) ఆ షరతులు విని, ఒప్పుకొని, తమ మాటలకు అల్లాహ్‌ను సాక్షిగా పెట్టుకున్నారు. ఆ తర్వాతే పనిలో చేరారు. అవసరంలో ఉన్నవాడు కాబట్టి ఏదో ఒకటి చెప్పి తీసుకుపోదామని ఆ వృద్ధుడు అనుకోలేదు. అవసరంలో ఉన్నాను కాబట్టి ఏదైనా సరేనని మూసా (అ) కూడా అనలేదు.

మదర్సాలో మేము ఇదే సూత్రాన్ని ఫిఖ్హ్‌లో చదువుకున్నాం. హిదాయా గ్రంథంలో కితాబుల్ ఇజారాత్ అనే అధ్యాయం ఉంది. కూలి ఒప్పందాల గురించినది. చేయవలసిన పని, దాని గడువు, ఇచ్చే కూలి ముందే తెలిసి ఉండాలి, ఇవి తేలకపోతే ఒప్పందం చెడుతుందని ఫుఖహా నిర్ణయం. అదే గ్రంథంలో కితాబుల్ కఫాలా కూడా ఉంది. కఫాలా అంటే మరొకరి బాధ్యతను తన మీద వేసుకొని హామీ ఉండడం. అనాథకు కఫీల్‌గా ఉండేవాడికి దైవప్రవక్త (స) స్వర్గంలో తన సామీప్యాన్ని వాగ్దానం చేశారు. ఎంత గొప్ప మాట అది! గల్ఫ్‌లో ఆ మాటకు పట్టిన గతి చూడండి. పాస్‌పోర్టు లాక్కునేవాడు కఫీల్. వీసాను అమ్ముకునేవాడు కఫీల్. 'ఆజాద్ వీసా' పేరుతో పేరు మాత్రం తనది పెట్టి, బయట పని చూసుకో, నెలనెలా నాకింత కట్టు అనేవాడూ కఫీలే. హామీ ఉన్నందుకు ప్రతిఫలం తీసుకోవడమే తగదని ఫుఖహాలలో అధికుల అభిప్రాయం. అలాంటప్పుడు హామీనే సరుకుగా చేసి అమ్మడాన్ని ఏమనాలి?

ఆ దేశాల్లోనూ మార్పులు రాలేదని అనను. ఖతర్ 2020లో చట్టాలు మార్చి, యజమాని అనుమతి పత్రం లేకుండానే ఉద్యోగం మారే వీలు కల్పించింది. సౌదీ అరేబియా 2021 మార్చి నుంచి కార్మికులకు కొంత స్వేచ్ఛ ఇచ్చింది. కానీ ఆ సౌదీ సంస్కరణ నుంచి ఇంటి డ్రైవర్లను, ఇంటి పనివాళ్లను, తోట పనివాళ్లను, గొర్రెల కాపరులను మినహాయించారు. అంటే వీసాలో 'మిహ్నా', అనగా వృత్తి అన్న గడిలో ఏ మాట ఉందన్న దాని మీద మనిషి హక్కులు ఆధారపడ్డాయి. 'సాయిఖ్ ఖాస్' అని ఉంటే ఇంటి డ్రైవరు. 'ఆమిల్ మంజిలీ' అని ఉంటే ఇంటి పనివాడు. 'రాయీ' అని ఉంటే కాపరి. ఏజెంటు ఆసుపత్రిలో పని అని చెప్పి ఉంటాడు. కాగితం మీద రాయీ అని ఉంటుంది. ఆ మనిషి ఎడారిలో గొర్రెల మధ్య దిగాక గాని తెలుసుకోడు. గొర్రెలు కాయడం తక్కువ పని కాదు. మూసా (అ) మద్‌యన్‌లో చేసిన పని అదే. అయితే ఆయనకు ఏ పనో తెలుసు, ఎన్నేళ్లో తెలుసు. మన పిల్లవాడికి తెలియదు.

ఇక మన వైపు తప్పు గురించి కూడా చెప్పుకోవాలి. విజిట్ వీసా మీద వెళ్లి పనిచేయడం మన దగ్గర ఒక తెలివితేటగా చలామణి అవుతోంది. అక్కడికి వెళ్లి ఉద్యోగం సంపాదించి, చట్టప్రకారం వీసా మార్చుకొని స్థిరపడ్డవారు ఉన్నారు. నేను కాదనను. కానీ మారకముందే పనిలోకి దిగితే అది నేరం. ఎమిరేట్స్‌లో గడువు దాటిన ప్రతి రోజుకూ 50 దిర్హాముల జరిమానా. ఏడాది దాటితే లెక్క నాలుగు లక్షల రూపాయలు మించిపోతుంది. అనుమతి లేనివారిని పనికి పెట్టుకునే యజమానికి 2024 నుంచి కనీస జరిమానాను లక్ష దిర్హాములకు పెంచారు. ఇది చట్టం మాట. మరి ధర్మం మాట? ఒక దేశం చూసి పొమ్మని అనుమతి ఇస్తే, సరేనని సంతకం పెట్టి లోపలికి వెళ్లడం ఒక ఒప్పందం. మాయిదా సూరా మొదటి వచనమే ఒప్పందాలను నెరవేర్చమని విశ్వాసులను ఆదేశిస్తుంది. ఉమ్రా వీసా మీద వెళ్లి పనికి ఉండిపోయేవారి సంగతి ఇంకా విచారకరం. ఎహ్రాం బట్టల్లో మాట తప్పడానికి బయలుదేరడం ఎలాంటి ఆరాధనో వారే ఆలోచించుకోవాలి.

డబ్బు ఎక్కడి నుంచి వస్తోందన్నది మరో సంగతి. అందరికీ రిటైర్మెంటు డబ్బు ఉండదు. నూటికి మూడు రూపాయల వడ్డీకి రెండు లక్షలు తెస్తే నెలకు ఆరు వేలు వడ్డీకే పోతుంది. వడ్డీని అల్లాహ్ ఎంత తీవ్రంగా నిషేధించాడో ప్రతి జుమాలో వింటాం. వీసా కోసమైతే ఆ మాట మరచిపోతాం. నిజానికి మన దేశ నిబంధనల ప్రకారం లైసెన్సు ఉన్న ఏజెంటు ఒక కార్మికుడి దగ్గర తీసుకోగలిగిన సేవా రుసుము 30 వేల రూపాయలు, దాని మీద జీఎస్టీ. అంతే. దానికి రసీదు ఇవ్వాలి. 1983 నాటి ఎమిగ్రేషన్ చట్టం ప్రకారం లైసెన్సు లేనివాడు విదేశీ ఉద్యోగాలకు మనుషులను పంపడమే నేరం. ఈ మాట మన బస్తీల్లో ఎంతమందికి తెలుసు?

పదో తరగతి పాసైనవారి పాస్‌పోర్టుకు ఎమిగ్రేషన్ క్లియరెన్సు అక్కర్లేదు. పాస్ కానివారు గల్ఫ్ దేశాలు, మలేషియా, థాయిలాండ్ సహా 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్లాలంటే ఆ క్లియరెన్సు తీసుకోవాలి. ఈ నిబంధనను మనవాళ్లు అడ్డంకిగా భావిస్తారు. నిజానికి అది రక్షణ కోసం పెట్టింది. క్లియరెన్సుతో వెళ్లేవారికి ప్రవాసీ భారతీయ బీమా తప్పనిసరి. రెండేళ్లకు 275 రూపాయలు, మూడేళ్లకు 375 రూపాయలు కడితే ప్రమాదంలో ప్రాణం పోయినా, శాశ్వతంగా అంగవైకల్యం కలిగినా 10 లక్షల రూపాయలు వస్తాయి. విజిట్ వీసా మీద పంపే ఏజెంటు తప్పించేది ఈ క్లియరెన్సునే. దానితో పాటే బీమా పోతుంది, ఒప్పంద పత్రం పోతుంది, ఫిర్యాదు చేసుకునే ఆధారమూ పోతుంది.

మన బాయిల్లో పనిచేసినవారికి ఒక పోలిక చెబుతాను. అండర్‌గ్రౌండ్‌లో మైనింగ్ సర్దార్ కర్రతో రూఫ్‌ను తట్టి, శబ్దం విని, బాగుందని చెప్పనిదే కార్మికులు ఆ చోట పనికి దిగరు. అల్లాహ్ మీద నమ్మకం లేక కాదు. రూఫ్ తట్టి చూడడం సర్దార్ బాధ్యత కాబట్టి. ముప్ఫై ఏళ్లు ఆ జాగ్రత్తతో బతికి బయటపడ్డ తండ్రి, కొడుకును పంపేటప్పుడు మాత్రం ఎవరితోనూ తట్టి చూపించకుండా పంపిస్తున్నాడు. తప్పు ఆయనది కాదు. ఈ విషయంలో సర్దార్ పని చేయవలసిన మేము ఆ పని చేయడం లేదు.

దివ్యఖుర్ఆన్‌లో అన్నిటికన్నా పొడవైన వచనం ఏదో తెలుసా? బఖరా సూరాలోని 282వ వచనం. అది నమాజు గురించి కాదు, ఉపవాసం గురించి కాదు. అప్పు లావాదేవీలను గడువుతో సహా రాసుకోవడం గురించి. అందులో రాయడం వచ్చినవాడు రాయడానికి నిరాకరించరాదని, ఆ విద్య అతనికి అల్లాహ్ నేర్పినదేనని గుర్తుచేయడం జరిగింది. చెప్పి రాయించుకోలేని బలహీనుడి తరఫున అతని సంరక్షకుడు న్యాయంగా రాయించాలని కూడా ఉంది. రాయడం వచ్చినవాడికే ఇంత బాధ్యత ఉంటే, చదవడం వచ్చినవాడికి ఉండదా? అరబీ నేర్చుకున్న మనం, కళ్లముందు ఒక మనిషి తన చేటు రాసి ఉన్న కాగితాన్ని తాయెత్తులా జేబులో పెట్టుకొని పోతుంటే ఆమీన్ అని ఊరుకోవచ్చా?

కాబట్టి మన బొగ్గు బెల్టులోని మస్జిద్ కమిటీలకు నాదొక మనవి. జుమా తర్వాత ఒక్క అరగంట కేటాయించండి. అరబీ తెలిసినవారు ఒకరు, ఇంగ్లీషు తెలిసినవారు ఒకరు, కంప్యూటర్ తెలిసిన కుర్రవాడు ఒకడు కూర్చోండి. విదేశం వెళ్లేవారు ఏ మతస్థులైనా సరే, కాగితాలు తెచ్చి చూపించుకోమనండి. చూడవలసినవి ఎక్కువేమీ లేవు. వీసా పనికా, సందర్శనకా? వృత్తి గడిలో ఏముంది? పిలుస్తున్న సంస్థ పేరు, ఆఫర్ లెటర్ మీది పేరు ఒకటేనా? జీతం, పని గంటలు, గడువు రాతలో ఉన్నాయా? ఏజెంటు పేరు కేంద్రప్రభుత్వ ఈ-మైగ్రేట్ జాబితాలో ఉందా? ఇచ్చిన డబ్బుకు రసీదు ఉందా? ఒప్పందం అరబీలో, ఇంగ్లీషులో రెండింటిలో ఉంటే రెండూ ఒకేలా ఉన్నాయా? ఈ చివరిది చాలా ముఖ్యం. సౌదీ, ఎమిరేట్స్ కోర్టుల్లో వివాదం వస్తే చెల్లేది అరబీ ప్రతే. హైదరాబాద్‌లో ప్రొటెక్టర్ ఆఫ్ ఎమిగ్రెంట్స్ కార్యాలయం ఉంది. విదేశీ ఉద్యోగాల కోసం రాష్ట్రప్రభుత్వ సంస్థ టామ్‌కామ్ ఉంది. ఆ దారులూ చూపించండి.

మదర్సాల పెద్దలకు కూడా ఒక మాట. ఇజారా అధ్యాయం చెప్పేటప్పుడు ఒక అసలు వీసా కాగితం, ఒక అసలు కూలి ఒప్పందం విద్యార్థుల ముందు పెట్టండి. ఎనిమిదేళ్లు అరబీ చదివినవాడు 'మిహ్నా' గడి ముందు తడబడకూడదు.

దీనికి కొందరు అభ్యంతరం చెబుతారు. రిజ్ఖ్ అల్లాహ్ చేతిలో ఉంది, పోయేవాణ్ని భయపెట్టడం తవక్కుల్‌కు విరుద్ధం అంటారు. ఒంటెను కట్టేసి తర్వాత అల్లాహ్‌పై భారం వేయమని బోధించిన దైవప్రవక్త (స) అనుయాయులం మనం. కాగితం చదవడం ఒంటెను కట్టేయడమే. మస్జిద్ వీసా ఆఫీసు కాదని మరికొందరు అంటారు. మస్జిదె నబవీలో రాయబారులను కలుసుకున్నారు, తగవులు తీర్చారు, పేదవారికి నీడ ఇచ్చారు. ఒక పేదవాడి కాగితం చదివితే మన మస్జిద్ పవిత్రత తగ్గదు. మూడో అభ్యంతరం ఎవరూ పైకి చెప్పరు. ఏజెంట్లలో మనవాళ్లే ఉన్నారు. మొదటి సఫ్‌లో నిలబడేవారు, మస్జిద్‌కు చందాలిచ్చేవారు, మన బంధువులు ఉన్నారు. వారికి కోపం వస్తుంది. రానివ్వండి. నిజాయితీగా పనిచేసే ఏజెంటుకు కాగితం చదివితే నష్టమేమీ లేదు. కోపం వచ్చినవాడి కాగితాన్ని రెండుసార్లు చదవాలి.

యువకులకు చివరిగా ఒక మాట. కంప్యూటర్ ముందు కూర్చొని దూరదేశానికి పనిచేయడం అనేది నిజంగా వచ్చిన కొత్త అవకాశం. కానీ దాని వరుస గుర్తుంచుకోండి. ముందు విద్య, తర్వాత పని, ఆ తర్వాత వీసా. అకౌంట్లు, మెడికల్ కోడింగ్, అనువాదం, ప్రోగ్రామింగ్, ఏదైనా సరే చేతికి వచ్చేదాకా నేర్చుకోండి. ఆ పని గోదావరిఖనిలోని క్వార్టర్‌లో కూర్చొని కూడా చేయవచ్చు. అలా సంపాదన పెరిగి ఒకనాడు దుబాయికో, మరో దేశానికో పోవాలనిపిస్తే, అప్పుడు రిమోట్ వీసాకు మీరే దరఖాస్తు పెట్టుకోగలరు. మధ్యలో ఎవరికీ రెండు లక్షలు ఇవ్వనక్కర్లేదు.

మొదట చెప్పిన తండ్రీకొడుకులు రెండో లక్ష ఇవ్వలేదు. ఇచ్చిన లక్ష తిరిగి రాలేదు. ఏజెంటు ఫోన్ ఎత్తడం మానేశాడు. కుర్రవాడు అదే షాపులో పనిచేస్తూ సాయంత్రాలు అకౌంటింగ్ నేర్చుకుంటున్నాడు. దుబాయి ఆశ వదులుకున్నాడని నేను చెప్పలేను, వదులుకొమ్మని నేనూ చెప్పలేదు. తండ్రి మొన్న జుమా తర్వాత తన వీధిలో ఉండే మరొకరిని వెంటబెట్టుకొని నా దగ్గరికి వచ్చాడు. "మౌల్వీ సాబ్, ముందు ఇది చదవండి, దుఆ తర్వాత చేద్దురుగాని" అన్నాడు.

అన్ని మస్జిద్‌ల దగ్గరా ఈ మాట వినిపించే రోజు రావాలి. చదవగలిగిన మనకు చదివి చెప్పే ధైర్యాన్ని, వెళ్లే మన పిల్లలకు హలాల్ ఉపాధిని, ఎదురుచూసే తల్లిదండ్రులకు మనశ్శాంతిని అల్లాహ్ ప్రసాదించుగాక. ఆమీన్.